సంఘం పాడే శ్రుతి

ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర ఈమధ్య తరచూ నడిచే వాదన ఒకటుంది. కీర్తనలు పాడేవాళ్లు కరువయ్యారని, కీబోర్డు, ప్యాడ్ల హోరులో వాక్యం వినబడకుండా పోతోందని పెద్దలు బాధపడతారు. తప్పు పట్టడానికి పదిమంది ఉన్నారు గానీ నేర్పడానికి ఒక్కరూ లేరని యువకులు నొచ్చుకుంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ తగాదా ఏళ్ల తరబడి తెగడం లేదు. సంఘపెద్దల సమావేశంలో ఏ వాయిద్యం ఉండాలి, ఏ పాట పాడాలి, ఎంత వయసువాళ్లు వాయించాలి అని చర్చ పెడతారు. వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని నా అభిప్రాయం. వాయించడం మొదలయ్యాక సంఘం గొంతు పెరిగిందా, తగ్గిందా? ఆరాధనలో వాయిద్యకారుడి పనితనానికి నేను పెట్టే కొలత ఇదే. ఈ కొలతతో చూస్తే పెద్దలూ యువకులూ ఇద్దరూ తమ పట్టు కొంత సడలించుకోవాలి.

వాయిద్యాన్ని బట్టి తీర్పు చెప్పలేమనడానికి హార్మోనియమే సాక్ష్యం. మందిరానికి హార్మోనియం తబలాలే అందమని, కీబోర్డు సినిమావాళ్ల సరుకని అంటారు. హార్మోనియం పుట్టింది పారిస్‌లో, 1840ల్లో. కాళ్లతో తొక్కి వాయించే ఆ పెట్టెను, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ మరో చేత్తో మెట్లు నొక్కేలా కలకత్తా తయారీదారులు మలిచారు. తెలుగునాట పల్లెపల్లెకూ దాని నాదాన్ని మోసుకెళ్లింది పద్యనాటకం. రాత్రి కురుక్షేత్రం నాటకంలో రాగం అందుకున్న పెట్టే పొద్దున మందిరంలోనూ పలికింది. గమకం పలకదని, మన శ్రుతులకు సరిపడదని ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, మూడు దశాబ్దాల పాటు దూరం పెట్టింది. నాటకాల సరుకు, పరాయి సరుకు అనిపించుకున్న ఆ పెట్టె ఇవాళ మనకు భక్తికి గుర్తు. ఇతర దేశాల్లోనూ ఇదే కథ. 1807లో గ్లాస్గోలోని సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఆర్గన్ వాయిస్తే అక్కడి ప్రెస్బిటరీ దాన్ని ఆపించింది. ఇంగ్లండు పల్లెల్లో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ చర్చి వెనక గ్యాలరీలో ఫిడేళ్లు, క్లారినెట్లు వాయించే ఊరి బృందాలుండేవి. 19వ శతాబ్దంలో ఆర్గన్, హార్మోనియం వచ్చి వాటిని దింపేశాయి. థామస్ హార్డీ 1872లో రాసిన ‘అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ’ అనే నవల కథ దాని చుట్టూనే తిరుగుతుంది. ఒకచోట అపచారమైనది మరోచోట ఆచారమైంది.

అలాగని వాయిద్యాలకు జ్ఞాపకాలు ఉండవని అనను. తెలుగు సంఘాల్లో డప్పు సంగతి చాలా లోతైనది, దాన్ని తొందరపడి దాటిపోకూడదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. జాతరలో డప్పు కొట్టడం వాళ్ల మీద ఊరు మోపిన వెట్టి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో విశ్వాసులైనవాళ్లు ఆ డప్పు కొట్టబోమన్నారు, ఊరి కోపాన్ని భరించారు. ఆ తాతకు డప్పు దించడమే స్వేచ్ఛ. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తుకుంది. ఆ మనవడికి డప్పు ఎత్తడమే స్వేచ్ఛ. ఇవాళ ఆక్టోప్యాడ్ మీద పుల్ల తగిలితే డప్పు మోత వస్తుంది. ఆ మోత వినగానే ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన మొహం ముడుచుకుంటే ఆయనను పాతకాలం మనిషని కొట్టిపారేయకూడదు. వాయించిన కుర్రాడిని లోకంలో పడ్డాడని కూడా అనకూడదు. ఇద్దరి వెనకా ఒకే చరిత్ర ఉంది. ఆ చరిత్ర సంఘంలో ఎవరూ ఎవరికీ చెప్పకపోవడం వల్లే అది అభిరుచుల తగాదాలా కనిపిస్తోంది.

ఇక నా కొలత దగ్గరికి వస్తాను. సంఘం పాడటమనేది దానంతట అది వచ్చింది కాదు. నాలుగో శతాబ్దంలో లవొదికయ సభ, నియమితులైన గాయకులు తప్ప మరెవరూ చర్చిలో పాడకూడదని నియమం పెట్టింది. తర్వాత శతాబ్దాల పాటు పశ్చిమ దేశాల్లో పాట ఎక్కువగా లాటిన్ వచ్చిన గురువుల నోట, గాయక బృందం నోట ఉండిపోయింది. 1524లో జర్మన్ భాషలో ఎనిమిది పాటల చిన్న పుస్తకం అచ్చయింది. అందులో సగం మార్టిన్ లూథర్ రాసినవి. జనం ఇంటి భాషలో, జనం గొంతుతో పాట పాడించడం ఆయనకు సంస్కరణలో భాగం. మన దగ్గర ఆ పని చేసింది కీర్తన. బెంగాలీ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో వందకు పైగా కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఇంగ్లీషు వరుసలకు కట్టిన అనువాద గీతాలూ అదే పుస్తకంలో ఉన్నాయి. అంటే పెద్దలు కాపాడాలనుకునే సంప్రదాయం కూడా మొదటినుంచీ రెండు సంగీతాల కలయికే. కీర్తన కట్టుబడిని చూడండి. పల్లవి చిన్నది. ప్రతి చరణం తర్వాత అది తిరిగి వస్తుంది. ముందు ఒకరు పంక్తి అందిస్తే సంఘం తిరిగి అంటుంది. అక్షరం రానివాళ్లు కూడా మూడో చరణానికల్లా పాటలో కలిసిపోతారు. చదువుకు నోచుకోనివ్వని జనం ఇంతటి వేదాంతాన్ని కంఠస్థం చేసింది ఈ కట్టుబడి వల్లే.

ఇప్పుడు ఒక సగటు ఆదివారం వేదిక మీద ఏం జరుగుతోందో దగ్గరగా చూద్దాం. కీర్తన నాదనామక్రియలో ఉందనుకోండి. షడ్జమం సి మెట్టు మీద పెట్టుకుంటే రిషభం దాని పక్కనున్న నల్లమెట్టు, అంటే శుద్ధ రిషభం. కీబోర్డు అబ్బాయి యూట్యూబ్‌లో నేర్చుకున్న అలవాటు కొద్దీ సి మేజర్ తర్వాత జి మేజర్ కార్డ్ పట్టుకుంటాడు. ఆ కార్డ్‌లో ఉన్న డి తెల్లమెట్టు, చతుశ్రుతి రిషభం. సంఘం ఒక రిషభం పాడుతుంటే స్పీకరు మరో రిషభం పలుకుతుంది. ఏదో కుదరలేదని అందరికీ తెలుస్తుంది, ఎందుకో తెలియదు. గొంతులు ఒక్కొక్కటే తగ్గుతాయి. మోహనలో మధ్యమం లేదు. అక్కడ ఎఫ్ కార్డ్ వేస్తే లేని మధ్యమం దూరి, రాగం శంకరాభరణం వైపు జారుతుంది. మిశ్రచాపులో ఏడు మాత్రల నడక ఉన్న కీర్తనకు ప్యాడ్ మీద నాలుగు దెబ్బల లూప్ పెడితే మాట మధ్యలో విరుగుతుంది. అర్థం కూడా దానితోపాటు విరుగుతుంది. ఇవి భక్తి లోపాలు కావు, తెలియక చేసే పొరపాట్లు. కార్డ్స్ మాని షడ్జ పంచమాలు మాత్రం శ్రుతిగా పట్టుకుంటే సగం కీర్తనలు నిలబడతాయి. ఆ ఒక్క మాట చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఇవ్వడం లేదు. రాగం పేరు పుస్తకంలో ఉంది, దాన్ని చదివి పాడగలిగినవాళ్లు తమ విద్యను తమతోనే ఉంచేసుకున్నారు.

కొత్త పాటల్లో ఇబ్బంది మరో రకంది. స్టూడియోలో పాడిన గాయకుడు తన గొంతు ఎక్కడ మెరుస్తుందో అక్కడ శ్రుతి పెట్టుకుంటాడు, అది అతని వృత్తి. మన మందిరంలో వారమంతా పొలంలోనో, కొట్లోనో, ఆఫీసులోనో గడిపి వచ్చినవాళ్లకు ఆ పై స్థాయి అందదు. చరణం దాకా పాడి, పాట పైకి వెళ్లగానే నోరు మూసుకుని, చప్పట్లకు పరిమితమవుతారు. కీబోర్డుకు ట్రాన్స్‌పోజ్ మీట ఉంది. రెండు మెట్లు దించితే సంఘం తిరిగి పాటలోకి వస్తుంది. అయినా ఒరిజినల్ స్కేల్‌లోనే ఉండాలని పట్టుపడతారు. ఇంకా బాధాకరం ట్రాక్ పెట్టి పాడటం. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. పల్లవిని ఇంకోసారి అందామని సంఘానికి అనిపించినా పాట ముందుకు వెళ్లిపోతుంది. నలభై సెకన్ల బీజీఎం సాగుతున్నంతసేపూ మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియక జనం వేదిక వైపు చూస్తూ నిలబడతారు. అలా చూస్తూ చూస్తూ ప్రేక్షకులవుతారు. నా అభ్యంతరం కొత్త పాట మీద కాదు. చిన్న పల్లవి, పట్టుకోవడానికి తేలికైన వరుస ఉన్న కొత్త పాటలు చాలా ఉన్నాయి. వాటిని సంఘం మొదటి వారమే నేర్చుకుంటుంది.

వినడం కూడా ఆరాధనే కదా అని ఒక ప్రశ్న వస్తుంది. అవును. క్వయర్ పాడే ప్రత్యేక గీతాన్ని మౌనంగా వినడంలో గొప్ప భక్తి ఉంది. కానీ ఆరాధనలో ఉన్న ఐదారు పాటలూ ప్రత్యేక గీతాలైపోతే సంఘానికి ఆమెన్ తప్ప ఏమీ మిగలదు. యువతను అడ్డుకుంటే వాళ్లు సంఘం వదిలి వెళ్లిపోతారన్నది మరో మాట. ఈ భయం నిజమైనది, దీన్ని తేలిగ్గా తీసుకోను. అయితే వేదిక మీద చోటిచ్చినంత మాత్రాన ఎవరూ నిలిచిపోరు. పదహారేళ్ల పిల్లవాడికి కష్టమైన పని అప్పగించి, దాన్ని సాధించేదాకా పక్కన కూర్చునే పెద్దమనిషి ఉంటే, ఆ పిల్లవాడికి సంఘంలో తన చోటు దొరుకుతుంది. మిశ్రచాపు పట్టుకున్న రోజు వాడి మొహం వేరుగా ఉంటుంది. పెద్దల వైపునుంచి వచ్చే బలమైన అభ్యంతరం, ఈ సంగీతం భావోద్వేగాన్ని రెచ్చగొట్టి దాన్నే పరిశుద్ధాత్మ అనుకునేలా చేస్తుందన్నది. ఈ భయం కొత్తది కాదు. అగస్టీను తన ‘ఒప్పుకోళ్లు’ పదో భాగంలో, పాడిన సంగతి కంటే పాడిన గొంతే తనను ఎక్కువ కదిలిస్తే దాన్ని తన పాపంగా ఎంచుతానని బాధపడ్డాడు. అదే చోట, విశ్వాసంలోకి వచ్చిన తొలినాళ్లలో చర్చి పాట విని కార్చిన కన్నీళ్లను తలచుకుని, చర్చిలో పాడే ఆచారాన్ని సమర్థించాడు. ఆ సందిగ్ధాన్ని దాచకుండా రాసిన ఆయన నిజాయితీ నాకు ఇష్టం. కన్నీరు తెప్పించే శక్తి హార్మోనియానికీ ఉంది, ప్యాడ్‌కూ ఉంది. భావోద్వేగానికి భయపడి ఒకదాన్ని ఆపితే రెండోదాన్నీ ఆపాల్సి వస్తుంది.

వాయించేవాడి నడవడి సంగతేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. పాటను నడిపించేవాళ్లకు సాక్ష్యం ఉండాలి. కానీ అదే ప్రశ్న కానుకలు లెక్కపెట్టేవారిని, కమిటీలో కూర్చునేవారిని కూడా అడగాలి. కుర్రాళ్లను మాత్రమే, అదీ మైకులో, అందరి ముందూ నిలదీయడం అన్యాయం. చెప్పవలసింది పాస్టరుగారు పక్కకు పిలిచి, కూర్చోబెట్టి చెప్పవచ్చు.

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయాన్ని పెద్దలూ యువకులూ కలిసి చదవాలని నా కోరిక. దావీదు కాలంలో యెహోవా సన్నిధిలో పాడటానికి నేర్పు సాధించినవాళ్ల లెక్క అక్కడ ఉంది: 288 మంది, పన్నెండేసి మంది చొప్పున ఇరవైనాలుగు వంతులు. ఆసాపు, హేమాను, యెదూతూను తమ కొడుకులను తమ చేతి కింద పెట్టుకుని తీర్చిదిద్దారు. వంతులు ఎవరికెప్పుడన్నది చీట్లు వేసి తేల్చారు. ఆ చీట్లలో పిన్నలనీ పెద్దలనీ, గురువులనీ శిష్యులనీ తేడా పెట్టలేదు. అక్కడ రెండు పనులు ఒకేసారి జరిగాయి: నేర్పించారు, తర్వాత వయసు చూడకుండా పని అప్పగించారు. మనం వాటిని విడదీశాం. కొన్ని సంఘాలు నేర్పకుండా అప్పగిస్తున్నాయి, కొన్ని నేర్పకుండానే ఆపుతున్నాయి. లక్షలు పోసి స్పీకర్లు, మిక్సరు కొన్న సంఘం ఒక సంగీతం మాస్టారికి నెలజీతం ఇవ్వడానికి వెనకాడుతోంది. నాకు ఇది వాయిద్యాల తగాదా కంటే పెద్ద దిగులు.

అందుకని శనివారం సాయంత్రం ప్రాక్టీసును మార్చమంటాను. ఆ రోజు బృందంతో పాటు కీర్తనలు నోటికి వచ్చిన పెద్దావిడ ఒకరు ఉండాలి. ముందు ఆమె మైకు లేకుండా, తన గొంతుకు వచ్చినచోట పల్లవి ఎత్తుకోవాలి. కీబోర్డు అబ్బాయి ఆమె షడ్జమం ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి, ప్యాడ్ అబ్బాయి ఆమె చేతి తాళం చూసి లెక్క అందుకోవాలి. తర్వాత వాళ్లు తెచ్చిన కొత్త పాటను ఆమె నేర్చుకోవాలి. ఆమె రెండుసార్లు విని మూడోసారి పాడగలిగితే ఆ పాట రేపటికి సిద్ధమైనట్టే. పాడలేకపోతే రెండు మెట్లు దించి, బీజీఎం తగ్గించి మళ్లీ ప్రయత్నించాలి. ఆదివారం ఆఖరి చరణానికి వచ్చేసరికి ప్యాడ్ ఆపేసి, కీబోర్డు మీద షడ్జ పంచమాలు మాత్రమే ఉంచి, సంఘం ఎంత గట్టిగా పాడుతోందో బృందం ఒకసారి చెవిపెట్టి వినాలి.