రేడియాలజిస్టు బల్లపై కంప్యూటరు

ఎక్స్-కిరణ చిత్రములను పరిశీలించి రోగనిర్ణయము చేయు వైద్యుని రేడియాలజిస్టు అందురు. పూర్వమాతడు ఫిల్మును వెలుగుపెట్టెపై తగిలించి చూచెడివాడు. నేడు పెద్ద ఆసుపత్రులలో ఆ పని కంప్యూటరు తెరపై జరుగుచున్నది. ఈ యంత్రములలో పెక్కింటిని తయారుచేసినవారు వైద్యుని కన్ను ఎట్లు పనిచేయునో ఆలోచింపలేదని నా ఆక్షేపణ.

వెలుగుపెట్టెపై నిరుటి ఫిల్మును, నేటి ఫిల్మును పక్కపక్కన తగిలించిన చాలును. చూపు క్షణములో ఒకదానినుండి మరొకదానికి పోవును. కంప్యూటరులోనో, జాబితా తెరచి, పాత చిత్రమును వెదకి రప్పించి, దానికి తెరపై చోటు కుదుర్చవలెను. అడుగడుగునను చూపు చిత్రమును విడిచిపోవును. లెక్క చేయుచున్న ఉపాధ్యాయుని ప్రతి పంక్తికి సుద్దముక్క కొరకు పక్కగదికి పంపినట్లే!

అట్లని పాతపెట్టెకే మరలుదమనుట తగదు. 1971లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో లండనులో తొలిసారి ఒక రోగి మెదడును పొరలుగా చిత్రించిరి. ఆయన పేరిట వెలసిన కొలమానములో నీటి విలువ 0, గాలి విలువ -1000. గట్టి ఎముక విలువ 1000 దాటవచ్చును. ఇన్ని ఛాయలను కన్ను ఒక్కమారుగా వేరుపరచలేదు. కనుక కొంత భాగమునే తీసికొని నలుపునుండి తెలుపు వరకు పరచెదరు. -1350 మొదలు 150 వరకు తీసికొన్నచో ఊపిరితిత్తుల సన్నని నిర్మాణము కానవచ్చును గాని గుండె తెల్లని ముద్దయగును. -160 మొదలు 240 వరకైనచో కండ, కొవ్వు విడివడును. ఊపిరితిత్తి నల్లని గుహ వలె నుండును. ఫిల్ముపై నిట్టి ప్రతి మార్పునకు వేరొక ప్రతి తీయవలసియుండెను. కంప్యూటరులో ఒక్క వేలితో కాగల ఈ పనిని జాబితాల అడుగున దాచుట ఏమి నేర్పు?

ఇది సౌకర్యమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. 2013లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ఊపిరితిత్తులలో చిన్న కణుతులను వెదకుచున్న 24 మంది రేడియాలజిస్టులకు చిత్రములో గొరిల్లా బొమ్మ నుంచి చూపిరి. అది మామూలు కణుతికి 48 రెట్లు! అయినను 20 మంది గమనింపలేదు. వారిలో పలువురి చూపు దానిపైననే పడినట్లు కంటి కదలికలను గుర్తించు పరికరము తెలిపినది. ఆరితేరినవారి అవధానమే ఇంత పరిమితమైనపుడు, దానిలో కొంత మీటల వెదకులాటకు పోయినచో నష్టపడునది రోగియే.

చిత్రములను భద్రపరచి, ఒక యంత్రమునుండి మరొకదానికి పంపుటకు 1993లో డైకామ్ అను ప్రమాణము వెలువడినది. తెరపై బూడిదఛాయలు ఎట్లుండవలెనో కూడ అందులో నిర్ణయించిరి. మీటల అమరిక మాత్రము నేటికిని కంపెనీకొక తీరు. రెండు ఆసుపత్రులలో పనిచేయు వైద్యుడు రెండు అలవాట్లు నేర్వవలెను. రోగి పేరు నొక్కగనే పాత చిత్రమును తానై పక్కన నిలుపు యంత్రములును లేకపోలేదు. కొనుగోలు చేయు ఆసుపత్రులవారు మీటల సంఖ్యను గాక, ఒక పూట పనిలో వైద్యుని చూపు ఎన్నిమారులు చిత్రమును విడిచినదో లెక్కించి ధర మాటాడుట మేలు.