కూర్చినవాడు, వాయించినవాడు: 'డ్రీమ్' ఆల్బమ్‌ను మళ్లీ వింటూ

తెలుగునాట ఇవాళ డీజే అంటే ఊరేగింపు ముందు నడిచే లారీ, దానిమీద పేర్చిన స్పీకరు పెట్టెలు, కిటికీ అద్దాలను అదరగొట్టే మోత. మాట మాత్రం మొదట మనిషిని ఉద్దేశించి పుట్టింది. ఇతరులు పాడి, వాయించి ముద్రించిన రికార్డులను ఎంచి, వాటిని ఒకదాని తరువాత ఒకటిగా కాక ఒకదానిలోనికి మరొకటి ప్రవహించేటట్లు కూర్చేవాణ్ణి డిస్క్ జాకీ అన్నారు. ఆ కూర్పే ఒక ఆల్బమ్‌గా వెలువడినప్పుడు అందులో కూర్చినవాని వాటా ఎంత, వాయించినవాని వాటా ఎంత అన్న ప్రశ్న నాకు ఖరగ్‌పూర్‌లో, ఒక రైల్వే క్వార్టరు వరండాలో ఎదురయింది.

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నిర్మించుకొన్న ఊరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుండి తెలుగువారు వర్క్‌షాపు పనులకు, లైను పనులకు తరలివచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడ్డారు. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని ఇక్కడివారు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. 2013లో ఆ ఖ్యాతి గోరఖ్‌పూర్‌కు, తరువాత హుబ్బళ్లికి పోయింది. ఇక్కడి మూడవ తరం మాటలో వాక్యం తెలుగులో బయలుదేరి, హిందీ మీదుగా, బెంగాలీలో దిగుతుంది. దీనిని భాషాక్షయమని బాధపడే పెద్దలున్నారు. జంక్షన్‌లో పుట్టిన భాష అలాగే ఉంటుందని నా అభిప్రాయం.

వర్క్‌షాపులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన మనుమడు తాను కూర్చిన గంటసేపటి మిక్స్ వినిపించాడు. నెమ్మదిగా సాగే సోల్ గానం, జాజ్ పియానో, కింద మెత్తని యంత్రలయ. వియన్నాకు చెందిన క్రూడర్, డోర్ఫ్‌మైస్టర్ జంట 1996లో 'డీజే కిక్స్' పరంపరలో వెలువరించిన ఆల్బమ్ తరువాత బాగా వ్యాపించిన బాణీ ఇది. అరగంట గడిచాక ఆ పొగమంచులోనుండి ఒక మాండలిన్ పలికింది. "ఎవరిది బాబూ ఇది?" అని అడిగాను. "మైకేల్ బ్రూక్‌ది అండీ, డ్రీమ్ అని" అన్నాడు. మాండలిన్ వాయించినవారి పేరు అతనికి తెలియదు. ఫైలు చేతులు మారుతూ వచ్చేటప్పుడు ఆ పేరు ఎక్కడో రాలిపోయింది.

ఆ పేరు ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో జన్మించారు. రుద్రరాజు సుబ్బరాజు గారు ఆయన గురువు. గురువు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దానిని తీగమీదికి తెచ్చుకొనేవాడు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పద్నాలుగేళ్ల బాలుడు కర్ణాటక సంగీతం వాయించి శ్రోతలను నివ్వెరపరచాడు. 2014 సెప్టెంబరులో, నలభై ఐదేళ్లకే, కన్నుమూశారు. పీటర్ గాబ్రియెల్‌కు చెందిన రియల్ వరల్డ్ సంస్థ 'డ్రీమ్'ను 1995లో వెలువరించింది. శ్రీనివాస్, బ్రూక్ ఇద్దరి పేర్లూ దానిమీద ఉన్నాయి. అది డీజే మిక్స్ కాదు. అయినా, వాయించిన దానిని స్టూడియోలో పొరలు పొరలుగా పేర్చి, కోసి, అతికి రచన చేసే పద్ధతిలో ఆ కళకు దగ్గరి బంధువు.

ఈ ఇద్దరి కలయికకు బలమైన సంగీత కారణం ఒకటుంది. మాండలిన్ స్వరం అల్పాయుష్షు కలది. మీటగానే పుడుతుంది, మరుక్షణం క్షీణిస్తుంది. గమకం నిలవాలంటే స్వరం నిలవాలి. అందుకే శ్రీనివాస్ జంట తీగల సంప్రదాయ మాండలిన్‌ను విడిచి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టారు. కెనడాకు చెందిన గిటారిస్టు బ్రూక్ ఇదే సమస్యను మరోవైపునుండి ఎదుర్కొన్నాడు. మీటిన స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు మోగే గిటారును రూపొందించాడు. 1987లో యూటూ బృందం పాటలో దాని ధ్వనిని లోకం విన్నది. ఆగిపోయే స్వరాన్ని ఆపకుండా ఉంచాలన్న కోరిక ఇద్దరిదీ ఒకటే. 'డ్రీమ్' నెమ్మదిగా సాగే చోట్ల బ్రూక్ పరచిన నాదం తంబురా చేసే పని చేస్తుంది. దానిమీద మాండలిన్ తొందరలేకుండా ఊపిరి తీసుకుంటుంది. ఆ నిమిషాలు నిజంగా గొప్పవి.

లయ వేగం పుంజుకొన్నచోట నాకు అసంతృప్తి మొదలవుతుంది. యంత్రావర్తం ప్రతిసారీ అదే ముఖంతో తిరిగివస్తుంది. కచేరీలో శ్రీనివాస్ ఒక ముక్తాయింపు విసిరితే మృదంగం దానిని పట్టుకొని, వాదించి, సమానికి చేరుస్తుంది. ఇక్కడ ఆయన అడుగుతారు, బదులిచ్చేవాడు లేడు. 1999 తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించినప్పుడు ఆ బదులు దొరికింది. జాజ్‌కు ప్రాణం సంభాషణే కదా. స్టూడియో కూర్పులో దాని రంగు మిగిలి, ప్రాణం పలచబడింది.

ఆ యువకుని మిక్స్‌కు వస్తే, ఎంపికలో అతనికి చెవి ఉన్నది. పియానో తగ్గి మాండలిన్ ప్రవేశించే స్థానం సరిగ్గా పట్టాడు. కానీ లయ కలిసింది గాని శ్రుతి కలవలేదు. పాత టర్న్‌టేబుల్ మీద వేగం మారిస్తే శ్రుతి కూడా మారేది; నేటి సాఫ్ట్‌వేరు రెండింటినీ విడదీసింది. ఆ సౌకర్యంతో అతడు మాండలిన్‌ను సాగదీశాడు. ఫలితంగా గమకం కూడా సాగి, రాగచ్ఛాయ నీరసించింది. ఊపు వేగం కూడా గమకంలో భాగమేనని అతనికి చెప్పినవారు లేరు. మన రాగమాలికతో దీనిని పోల్చాలనిపిస్తుంది గాని ఒక తేడా ఉంది. రాగమాలికలో రాగం మారడాన్ని శ్రోత గుర్తించి ఆనందించాలి. మిక్స్‌లో అతుకు తెలియకపోవడమే నేర్పు.

సంకలనకర్త కళాకారుడు కాడని చరిత్ర విద్యార్థిగా నేను అనలేను. కోటి గాథలలో ఏడువందలు ఏరినట్లు చెప్పే 'గాథాసప్తశతి'కి శాతవాహన హాలుని పేరే నిలిచింది. ఆ ఎంపిక ఒక రసికుని ఎంపిక. అయితే కొన్ని వ్యాఖ్యానాలు గాథాకర్తల పేర్లను కూడా భద్రపరచాయి. మన చట్టం సైతం ఈ దారిలోనే నడిచింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు చేరింది. 2012లో చేరిన 38బి సెక్షను, తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకొనే హక్కును ప్రదర్శకునికి ఇచ్చింది. వినియోగించే విధానమే పేరు విడువక తప్పని స్థితి కల్పిస్తే మినహాయింపు ఉంది. గంటసేపు ఎడతెగక సాగే మిక్స్ ఆ మినహాయింపు కిందికి వస్తుందా? మధ్యలో పేరు పలకడం కుదరదన్న మాట నిజం. కానీ అట్టమీద, ఫైలు పక్కన వ్రాయడానికి అడ్డేమీ లేదు. మంచి డీజే ఆల్బమ్‌లు వరుసగా పేర్లన్నీ ముద్రిస్తాయి. ఈ విషయంలో నేను మినహాయింపు పక్షాన నిలబడలేను.

అబ్బాయికి పేరు చెప్పాను. తెలుగు చదవడం రాదు గనుక హిందీ లిపిలో వ్రాసుకొన్నాడు. పాలకొల్లు ఎక్కడ అని అడిగాడు. వాళ్ల ముత్తాత వచ్చిన లైనులోనే వెనక్కి వెళ్లి, విశాఖ, రాజమండ్రి దాటి, నిడదవోలులో దారి మారి, భీమవరం మీదుగా వెళ్లాలని, నరసాపురానికి కాస్త ముందు దిగాలని చెప్పాను.