పోటుకు ఎదురు నిలిచిన రాతికట్ట

సముద్రపు పోటు నిలువెత్తు కెరటమై నదిలోకి ఎదురెక్కి రావడాన్ని హుగ్లీ ఒడ్డున బెంగాలీలు ‘బాన్’ అంటారు. అమెజాన్ తీరాన అది ‘పొరొరోకా’. చైనాలో చియన్‌తాంగ్ నదికి వచ్చేది ప్రపంచంలోకెల్లా పెద్ద పోటుకెరటాల్లో ఒకటి. ఆ నది కలిసే హాంగ్‌జౌ అఖాతం మొగ దగ్గర సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. హైనింగ్ దగ్గర యెన్‌గ్వాన్ చేరేసరికి అది మూడు కిలోమీటర్లకు ఇరుకవుతుంది. అడుగున పెద్ద ఇసుకమేట కూడా ఉంది. లోతు తగ్గినచోట ముందు నీరు నెమ్మదిస్తుంది, లోతులో వస్తున్న వెనకనీరు దాన్ని అందుకుంటుంది. అలా పోగుపడిన నీరే గోడలా లేస్తుంది.

దాన్ని కాచుకోవడానికి కట్టినదే ‘చేప పొలుసుల’ రాతికట్ట. మింగ్ రాజుల కాలపు అధికారి హువాంగ్ గ్వాంగ్‌షెంగ్ 1542లో హైయెన్ తీరాన ఈ పద్ధతిని నిలబెట్టాడు. తరవాత చింగ్ రాజులు హైనింగ్ ఒడ్డున కట్టించారు.

అక్కడ పునాదికి రాయి తగలదు, అంతా మెత్తటి ఒండ్రే. అందుకని ముందు కొయ్య గుంజలను దగ్గరదగ్గరగా నేలలోకి దిగగొట్టారు. వాటి తలల మీద చెక్కిన పొడవాటి రాతిపలకలు పరిచారు. కొన్ని ఒడ్డు వెంబడి, కొన్ని దానికి అడ్డంగా. దాంతో ఒక వరస అతుకు మీద పై వరస రాయి కూర్చుంటుంది. పైకి పోయేకొద్దీ ప్రతి వరసనూ కాస్త వెనక్కి జరిపారు. హైనింగ్‌లో ఇలాంటి వరసలు 18. నది వైపునుంచి చూస్తే ఆ అంచులే పొలుసుల్లా కనిపిస్తాయి. కట్ట వెనక మట్టిగట్టు ఆనుకుని ఉంటుంది.

రాయికీ రాయికీ ఇనుప బందులు వేశారు. సందుల్లో సున్నం, బంకబియ్యపు గంజి కలిపి నింపారు. మన మేస్త్రీలు గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపినట్టే ఇదీ. గంజిలోని అమైలోపెక్టిన్ వల్ల సున్నపు స్ఫటికాలు సన్నగా, చిక్కగా పేరుకుంటాయి. నీరు అంత తేలిగ్గా చొరబడదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కట్ట పాదం. కెరటం కొట్టే దెబ్బకన్నా, విరిగిపడ్డ నీరు అడుగున మట్టిని తవ్వుకుపోవడమే అసలు ప్రమాదం. అందుకే కట్ట ముందు నదిలోకి వాలుగా రాతిపరుపు వేశారు. కూలేది ఎక్కడినుంచో కనిపెట్టి, ఎవరి కంటా పడనిచోట ఇంత రాయి పోసినవాళ్ల పనితనానికి చేతులెత్తి మొక్కాలి.

చైనా పంచాంగం ప్రకారం ఎనిమిదో నెల 18వ రోజున, సాధారణంగా మన భాద్రపద పున్నమి దాటాక, ఆ కెరటాన్ని చూడటానికి జనం యెన్‌గ్వాన్‌కు తరలివస్తారు. మీరెప్పుడైనా వెళ్తే కాస్త ముందే చేరుకోండి. పోటు రాకముందు, నీరు తక్కువగా ఉన్నప్పుడు, కట్టను అడుగునుంచి పైదాకా ఒక్కో వరసా చూడండి.