సాక్ష్యమూ చరిత్రా: అజూసా వీథి సంఘకథనంలో నామఫలకం

క్రైస్తవ తెలుగులో ‘సాక్ష్యం’ అనే మాటకు న్యాయస్థానపు అర్థంతో పాటు మరొక అర్థం స్థిరపడింది. విశ్వాసి తన పూర్వజీవితాన్ని, అందులో వచ్చిన మార్పును, తాను పొందిన మేలును సంఘం ఎదుట చెప్పుకోవడమే సాక్ష్యం. చెప్పేవాడు అందులో వక్తే గాని కర్త కాడు. జరిగినదంతా దేవుడు జరిగించినదే. పెంతెకొస్తు సంఘాల తొలి చరిత్రలు చాలావరకు ఈ ప్రక్రియను ఆశ్రయించి వెలువడ్డాయి. వ్యక్తి జీవితానికి చక్కగా అమరే ఈ కథనరూపాన్ని ఒక సంఘచరిత్రకు అన్వయించినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. పరిశీలనకు ఫ్రాంక్ బార్టిల్‌మన్ 1925లో ప్రకటించిన ‘హౌ పెంటెకోస్ట్ కేమ్ టు లాస్ ఏంజెలస్’ గ్రంథాన్ని తీసుకుంటున్నాను. దానికి ఎదురుగా ఉంచి చదవవలసినది, అదే సంఘానికి కాపరి అయిన విలియం జె. సేమూర్ 1915లో ప్రచురించిన సిద్ధాంత క్రమశిక్షణ గ్రంథం.

సంఘం పుట్టుక సుప్రసిద్ధం. విముక్తి పొందిన బానిసల కుమారుడైన సేమూర్, హ్యూస్టన్‌లో చార్లెస్ పర్హామ్ బోధించిన బైబిలు పాఠాలను వర్ణవివక్ష కారణంగా తరగతి గది వెలుపల కూర్చుని విన్నాడు. 1906 ఏప్రిల్ 9న లాస్ ఏంజెలస్‌లోని బోనీ బ్రే వీథిలో, ఒక నల్లజాతి కుటుంబం ఇంట జరిగిన ప్రార్థనలో అన్యభాషల అనుభవం కలిగింది. కొద్ది రోజులకే జనం పట్టక కూడిక 312 అజూసా వీథికి మారింది. ఒకప్పుడు ఆఫ్రికన్ మెథడిస్టుల ఆలయమైన ఆ భవనం అప్పటికి గుర్రపుశాలగా, గిడ్డంగిగా దిగజారి ఉంది. నల్లవారూ తెల్లవారూ మెక్సికన్లూ అక్కడ పక్కపక్కన మోకరించడం ఆనాటి అమెరికాలో అసాధారణం.

బార్టిల్‌మన్ ఈ కూడికలకు ప్రత్యక్షసాక్షి. పవిత్రతావాద పత్రికలకు రాసే విలేఖరి కూడా. లాస్ ఏంజెలస్ చేరిన కొద్దికాలానికే కూతురిని పోగొట్టుకున్న దుఃఖం ఆయన కథనానికి ఒక తడిని ఇచ్చింది. ఆ పుస్తకమే లేకుంటే అజూసా సభల వాతావరణం మనకు ఇంత సన్నిహితంగా దక్కేది కాదు. అయితే అందులో సేమూర్ కనిపించే తీరు గమనించదగినది. ఆయన నామమాత్రపు నాయకుడు. ఒకదానిపై ఒకటి నిలిపిన రెండు ఖాళీ చెప్పుల పెట్టెల వెనుక కూర్చుని, పై పెట్టెలో తల దాచుకుని, సభ జరుగుతున్నంతసేపూ ప్రార్థిస్తూ ఉంటాడు. వినయానికి దృష్టాంతంగా ఈ చిత్రాన్ని తరతరాల ప్రసంగీకులు వాడుకున్నారు. బార్టిల్‌మన్ దాన్ని మెచ్చుకోలుగానే రాశాడనడంలో సందేహం లేదు. కానీ కథనంలో దాని పని వేరు: ముఖం లేని నాయకుడు నాయకుడు కాకుండా పోతాడు. ఆత్మే సభను నడిపిందని నిరూపించడానికి కాపరి తల పెట్టెలో ఉండడం కథకుడికి అవసరమైంది.

ఇంతకన్నా కీలకమైన ఘట్టం నామఫలకానిది. 1906లోనే ఆ భవనానికి ‘అపోస్తలిక్ ఫెయిత్ మిషన్’ అన్న పేరుపలక తగిలించారు. దానితోనే పతనం మొదలైందని బార్టిల్‌మన్ నిర్ణయం. అదే ఏడాది ఆయన వేరే మందిరం తెరిచాడు. పేరు పెట్టుకోవడమంటే చీలికలలో మరొక చీలిక కావడమే, సంస్థ కావడమంటే ఆత్మను బంధించడమే అన్నది ఆయన దృష్టి. సాక్ష్యప్రక్రియ తర్కం ఇదే. అనుభవం స్వచ్ఛమైన ఆరంభం, వ్యవస్థ దానికి మరక.

ఈ తీర్పును సేమూర్ వైపు నుండి చదివితే అర్థం తలకిందులవుతుంది. ఈ సంఘం 1906 సెప్టెంబరు నుండి నడిపిన పత్రిక ఉద్యమాన్ని దేశదేశాలకు చేర్చింది. 1908లో కార్యదర్శి క్లారా లమ్ పోర్ట్‌లాండ్‌కు వెళ్ళినప్పుడు దూరప్రాంతపు పాఠకుల చిరునామాల జాబితాలూ ఆమెతో వెళ్ళాయి. లోకానికి సంఘం చేరే దారి ఆ కాగితాలతో తెగిపోయింది. 1911లో సేమూర్ ఊర లేని సమయాన షికాగో బోధకుడు విలియం డర్హామ్ సభలు నడిపి జనాన్ని ఆకర్షించాడు. ఆయనను నిలువరించడానికి మందిరం తలుపులకు తాళం వేయవలసివచ్చింది. బార్టిల్‌మన్‌కు ఆ తాళం సంకుచితత్వానికి గుర్తు. అది ఎవరి తలుపు అన్న ప్రశ్న ఆయన వేయలేదు. 1915 నాటి నియమావళి ఆ ప్రశ్నకే జవాబు: సంఘపు బిషప్పూ ధర్మకర్తలూ నల్లజాతివారై ఉండాలని అది నిర్దేశించింది. వర్ణరేఖను చెరిపిన మందిరం తిరిగి వర్ణాన్ని పేర్కొనవలసి రావడం విషాదమే. అయినా దాన్ని ఆదర్శభ్రష్టతగా మాత్రమే చూడడం, పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి చూపు. ఎక్కడైనా మరో మందిరం తెరవగల బార్టిల్‌మన్‌కు పేరుపలక బంధనం. జాబితాలు పోయి, సభలూ చేజారబోయిన సంఘానికి అదే రక్షణ.

సాక్ష్యచరిత్రలు మరుగుపరచిన సేమూర్‌ను ముందుకు తేవడానికి చాలాకాలం పట్టింది. ఉద్యమానికి నల్లజాతి మౌఖిక సంప్రదాయం మూలమని వాల్టర్ హోలెన్‌వెగర్ వాదించాడు. 1981లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి డగ్లస్ నెల్సన్ సమర్పించిన సిద్ధాంతగ్రంథం సేమూర్ జీవితాన్నే కేంద్రంగా నిలిపింది. ఈ పునరుద్ధరణ అవసరమే గాని, అజూసాను ఏకైక యెరూషలేముగా నిలబెడితే అదీ మరొక సాక్ష్యమే అవుతుంది. పూనా సమీపంలోని కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి సదనంలో ఉజ్జీవం 1905లోనే మొదలైంది. అజూసా నుండి బయలుదేరిన ఆల్‌ఫ్రెడ్ గార్ దంపతులు ఆత్మ తమకు బెంగాలీ ప్రసాదించిందని నమ్మి కలకత్తా చేరారు. అక్కడ ఆ నమ్మకం నిలవలేదు. (తెలుగు బైబిలు అపొస్తలుల కార్యములలో ‘అన్యభాషలు’ అని, కొరింథీయులకు రాసిన పత్రికలో ‘భాష’ అని వాడింది. మనుషులు మాట్లాడే పరభాషా, ఎవరికీ తెలియని భాషా అన్న గార్ దంపతుల చిక్కు ఆ రెండు మాటల మధ్యే ఉంది.)

ఇదే కొలమానంతో ఏలూరును చూడవచ్చు. మలయాళ ప్రాంతంలో కె.ఇ. అబ్రహాము 1930లో అమెరికన్ మిషనరీ రాబర్ట్ కుక్‌తో విడిపోయి, స్వదేశీయుల చేతిలోనే సంఘాలు ఉండాలని నిశ్చయించాడు. ఆ ఇండియన్ పెంతెకొస్తు దైవసంఘం 1935లో 1860 నాటి సంఘాల నమోదు చట్టం కింద రిజిస్టరైనది తిరువాన్కూరులో కాదు, మద్రాసు రాజధానిలోని తెలుగు పట్టణమైన ఏలూరులో. తెలుగునాట ఆ శాఖకు సారథ్యం వహించిన పి.ఎం. శామ్యూలు కూడా మలయాళీయే. స్వస్థతలు, దర్శనాలు, బాప్తిస్మాల వరుసలో ఈ నమోదు ఒక తేదీగా సర్దుకుంటుంది. సాక్ష్యభాషలో దానికి క్రియాపదం దొరకదు. కానీ మిషనరీ సొమ్ముతో కట్టిన మందిరాన్ని విడిచి పాకలో కూడుకున్న విశ్వాసికి, తన సంఘం పేరున స్థలం ఉండవచ్చునని చెప్పినది ఆ కాగితమే. ఈ సంఘాల జూబిలీ సంచికలనూ కాపరుల జీవితచరిత్రలనూ తెలుగు వచనచరిత్రలో భాగంగా చదివే పరిశోధకుడు, స్వస్థత కథలకు ఇచ్చినంత శ్రద్ధ ధర్మకర్తల పేర్ల జాబితాకూ, దస్తావేజు ఎవరి పేరున ఉందన్న వాక్యానికీ ఇవ్వవలసి ఉంటుంది.