ఒక్క లైను వెనక లెక్క

నెట్‌వర్క్ డ్రైవర్‌లో మెమరీ లీక్‌ను సరిచేసే ప్యాచ్ చాలాసార్లు ఒక్క లైనే. అందుకే అది చిల్లర పనిలా కనిపిస్తుంది. నిజానికి ఆ లైను ఎక్కడ పెట్టాలో తేల్చడమే అసలు పని. లినక్స్ కెర్నల్ ఒక ప్యాకెట్‌ను పంపమని డ్రైవర్‌కు ఇచ్చినప్పుడు డ్రైవర్ 'ఓకే' అంటే ఆ ప్యాకెట్ మెమరీ బాధ్యత దానిదే. 'బిజీ' అంటే దాన్ని పంపమన్న కెర్నల్ పై పొరదే. నెట్‌వర్క్ కార్డు మెమరీ నుంచి నేరుగా చదువుకోవడానికి ప్యాకెట్‌ను డీఎంఏకి మ్యాప్ చేయడం కుదరకపోతే, దాన్ని అక్కడే విడుదల చేసి 'ఓకే' అనాలి. విడుదల చేయకుండా 'ఓకే' అంటే లీక్. విడుదల చేసి 'బిజీ' అంటే ఇంకా ప్రమాదం: పై పొర అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపబోతుంది, అప్పటికి ఆ మెమరీ ఇంకో పనిలో ఉండొచ్చు. కాబట్టి లీక్‌ను మతిమరుపు అని సరిపెట్టుకోకూడదు; అది బాధ్యత ఎవరిదో తేల్చుకోకపోవడం.

అలాంటి మ్యాపింగ్ వైఫల్యం ఎప్పుడో గానీ రాదు, ర్యామ్ చవక, రీబూట్ చేస్తే పోతుంది అంటారు. కానీ అరుదుగా నడిచే దారి కాబట్టే అందులోని లీక్ పరీక్షల్లో దొరక్క ఏళ్ల తరబడి బతుకుతుంది. పైగా పని చెడినంత మాత్రాన బాధ్యత పోదు. పెళ్లి ఆగిపోయినా అద్దెకు తెచ్చిన సామాను తిరిగి ఇవ్వాల్సిందే కదా! ఇక నెలల తరబడి ఆగకుండా నడవాల్సిన సర్వర్‌కు రీబూట్ మందు కాదు, వాయిదా.

లీక్‌లను ఆపే పనిముట్లున్నాయి కదా అన్నది గట్టి అభ్యంతరమే. 2007లో వచ్చిన 'డెవ్ఎం' పద్ధతి డ్రైవర్ తీసుకున్న వనరులను పరికరం తొలగినప్పుడు తానే విడుదల చేస్తుంది. కానీ క్షణాల్లో వచ్చిపోయే ప్యాకెట్లకు అది పనికిరాదు. లీక్‌లను పసిగట్టే 2009 నాటి పనిముట్టు కెమెమ్‌లీక్ అసలు నడవని దారిలోని లీక్‌ను చూపలేదు. 2022లో కెర్నల్‌లోకి వచ్చిన రస్ట్ భాష చాలా తప్పులను ఆపుతుంది గానీ, లీక్‌ను భద్రతా ఉల్లంఘనగా లెక్కించదు.

విద్యానగర్, తార్నాక గదుల్లో ఉంటూ, 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో చదివే విద్యార్థులకు ఒక మాట. మామూలు ప్రోగ్రాం ముగియగానే దాని మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి తీసుకుంటుంది. కెర్నల్ తప్పుకు ఆ రక్షణ లేదు. కెర్నల్ సోర్స్ అందరికీ తెరిచే ఉంది. ఒక ఈథర్‌నెట్ డ్రైవర్ తీసి, పని చెడినప్పుడు బయటపడే ప్రతి దారినీ చివరిదాకా చదవండి.