మెస్సు అడ్రసులో ఇంటర్నెట్

ఇంటికి ఒకటే నెట్ లైను, కంప్యూటర్లు రెండు. ఈ లెక్క తేల్చడం కలకత్తాలో ఒకప్పుడు చేతిపని. ఇప్పుడు రౌటర్ కొని గోడకు తగిలిస్తే సరిపోతోంది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. సెకనుకు 256 కిలోబిట్లుంటే చాలు, అప్పటి లెక్కలో అది బ్రాడ్‌బ్యాండే. 5 ఎంబీ పాట దిగడానికి రెండున్నర నిమిషాల పైమాట. ఆ కాస్త ధారనూ ఇద్దరు పంచుకోవాలి. అదృష్టవశాత్తూ హువావే ఎంటీ 882 లాంటి మోడెమ్‌ల వెనక యూఎస్‌బీ ఒకటి, ఈథర్‌నెట్ ఒకటి, రెండు దారులుండేవి. బ్రౌజర్లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్లి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ మోడెమ్‌కే అప్పజెబితే డయలింగ్ అదే చూసుకునేది. రెండు దారులకూ చెరో కంప్యూటర్. పైసా ఖర్చు లేదు.

పాడా (పేట) కేబుల్ వాళ్ల లైను అంత సులువుగా లొంగేది కాదు. వీధి స్తంభం మీంచి వైరు నేరుగా కిటికీలోకి వస్తుంది, మోడెమ్ ఉండదు. కుర్రాడొచ్చి మన నెట్‌వర్క్ కార్డు నంబరు రాసుకుపోతాడు. ఆ కార్డుకు తప్ప మరి దేనికీ లైను పలకదు. "ఏక్‌టాతేయ్ చొల్బే, దాదా" అనేవాడు. ఒక్కదానికే నడుస్తుందట. రెండోదానికి ఇంకో కనెక్షన్ తీసుకోవాలట!

దీనికి మందు ఎలక్ట్రానిక్ సామాన్ల చాందినీ మార్కెట్లో దొరికేది. మొదటి కంప్యూటర్లో ఇంకో నెట్‌వర్క్ కార్డు బిగించి, కనెక్షన్ షేరింగ్ ఆన్ చేయాలి. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్ నుంచీ ఆ సౌకర్యం ఉంది. ఇక మిగిలింది రెండు కంప్యూటర్ల మధ్య వైరు. అసలు పనితనం అక్కడే. వైరులో తీగలు ఎనిమిది, కానీ 100 మెగాబిట్ల నెట్‌వర్క్‌కు పనికొచ్చేవి నాలుగే: 1, 2 పంపడానికి, 3, 6 అందుకోవడానికి. అప్పట్లో రెండు కంప్యూటర్లను మామూలు వైరుతో కలిపితే ఇద్దరూ ఒకే జతలో మాట్లాడేవారు, వినేవాడుండేవాడు కాదు. అందుకని ఒక కొసన నారింజ జతనూ ఆకుపచ్చ జతనూ తారుమారు చేయాల్సి వచ్చేది. మెలికలు విప్పి, బొటనవేలితో నిమిరి తిన్నగా పరిచి, కొసలు సమంగా కత్తిరించి, రాగి మొనలు క్లిప్పు చివర కనిపించేదాకా తోసి, అప్పుడు క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. ఒక్క తీగ పొట్టిదైనా కొత్త క్లిప్పు తెచ్చుకోవాల్సిందే. పని పూర్తయ్యాక మా ఇంట్లో పెత్తనం మొదటి కంప్యూటర్‌కే దక్కింది. దాన్ని ఆపితే రెండోదానికీ నెట్ లేదు. ఆ కుర్చీ నాది కావడం యాదృచ్ఛికం అని మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

షేరింగ్ లోపల జరిగేది పాత కలకత్తా మెస్సు వ్యవహారమే. బెంగాలీ హాస్య రచయిత శిబ్‌రామ్ చక్రవర్తి జీవితంలో ఎక్కువ భాగం ముక్తారామ్ బాబు స్ట్రీట్ మెస్సులోనే గడిపాడు. అలాంటి మెస్సులో బయటికి అడ్రసు ఒకటే, లోపల గదులు ఎన్నో. ఎవరు ఎవరికి ఉత్తరం రాశారో మేనేజరు పట్టీలో రాసుకుని, జవాబు రాగానే ఆ గదికి పంపుతాడు. రౌటర్ కూడా అంతే: బయటికి పోయే ప్రతి అభ్యర్థన మీదా తన చిరునామా వేసి, పోర్టు నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. పట్టీలో లేని ఉత్తరం బయటినుంచి ఊడిపడితే పారేస్తుంది.

ఇంట్లో మేం చాటుగా చేసిన ఈ పనిని ఇప్పుడు ఆపరేటర్లే బాహాటంగా చేస్తున్నారు. పాత పద్ధతి (ఐపీవీ4) చిరునామాలు ప్రపంచం మొత్తానికి 429 కోట్లే గనక, చాలాచోట్ల వందల ఇళ్లను ఒకే పబ్లిక్ చిరునామా వెనక పెడుతున్నారు. దానికోసం 2012లో 100.64 నుంచి 100.127 దాకా ప్రత్యేకంగా ఒక వరసే కేటాయించారు. మేం చేస్తే నియమభంగం, వాళ్లు చేస్తే ఇంజనీరింగ్! పొదుపుగా వాడుకోవడాన్ని నేను తప్పుపట్టను. చెప్పకుండా చేయడమే తప్పు. ఊళ్లో ఉన్న అమ్మ ఇంటి కెమెరాను ఇక్కణ్నుంచి నేరుగా తెరవబోతే దారి దొరకదు, ఎందుకో ఎవరూ చెప్పరు.

రౌటర్ పేజీలో ఇంటర్నెట్ చిరునామా పైన చెప్పిన వరసలో కనిపిస్తే, మీరూ ఆ పెద్ద మెస్సులో ఉన్నట్టే. కెమెరా కొనే ముందే పబ్లిక్ చిరునామా గానీ కొత్త పద్ధతి ఐపీవీ6 చిరునామా గానీ ఇస్తారా అని ఆపరేటర్‌ను అడగండి.