వినీ విననట్టుండే సంగీతం: 'డిస్క్రీట్ మ్యూజిక్' పరిశీలన

ఎలక్ట్రానిక్ వాద్యాలతో, చాలావరకు తాళం లేకుండా, మొదలూ చివరా తెలియకుండా సాగే ఒక తరహా సంగీతానికి 'యాంబియెంట్' అని పేరు. మనం పరిసర సంగీతం అనుకుందాం. పల్లవి, అనుపల్లవి, చరణాలకు అలవాటుపడిన చెవికి ఇందులో ఏమీ జరగడం లేదనిపిస్తుంది. ఈ ఫిర్యాదును విమర్శకుడు కొట్టిపారేయకూడదు. నిజంగానే ఏమీ జరగని రికార్డులు ఈ తరహాలో చాలా ఉన్నాయి. ఏదైనా జరుగుతుంటే అది ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడమే మన పని.

ఇంగ్లండుకు చెందిన బ్రయాన్ ఈనో 1975లో వెలువరించిన 'డిస్క్రీట్ మ్యూజిక్' రికార్డునే తీసుకోండి. మొదటి వైపు సుమారు 30 నిమిషాల ఒకే రచన ఉంది. దానికి ముడిసరుకు సింథసైజర్ మీద పలికించిన రెండు చిన్న స్వరవాక్యాలు మాత్రమే. వాటిని ఒక టేప్ రికార్డర్ ముద్రిస్తుంది. అదే టేపు కొంత దూరం నడిచి రెండో రికార్డర్‌లోకి చేరి అక్కడ వినిపిస్తుంది. ఆ ధ్వని తిరిగి మొదటి యంత్రానికి వెళ్ళి, కొత్త స్వరంతో కలిసి మళ్ళీ ముద్రితమవుతుంది. చుట్టు చుట్టుకూ పాత స్వరం కొంత మసకబారుతుంది. స్వరకర్త పాట కట్టలేదు. ఒక ఏర్పాటు చేసి పక్కకు తప్పుకున్నాడు.

ఈ పద్ధతి ఈనో కనిపెట్టినది కాదు. అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ 1960లలోనే రెండు టేప్ రికార్డర్లతో ఇలాంటి ప్రయోగాలు చేశాడు. ఆ రైలీ 1970లో కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. గురువు పాడుతుంటే వెనుక తంబురా మీటాడు. తంబురా సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. తీగ కింద జీవా కుదిరితే, మీటని గాంధారం కూడా దానంతటదే పలుకుతుంది. బెంగళూరు ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెచ్చాక సౌకర్యం పెరిగింది గాని, ఆ గాంధారం మెరుపు తగ్గిందని నా చెవికి తోస్తుంది.

ఈనో 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో మరో అడుగు వేశాడు. ఒక భాగంలో వేర్వేరు పొడవుల టేపు చుట్టలు తిరుగుతుంటాయి. ఒకటి సుమారు 23న్నర సెకన్లకు, ఇంకొకటి దాదాపు 26 సెకన్లకు, వేరొకటి దాదాపు 30 సెకన్లకు తన గొంతును మళ్ళీ వినిపిస్తుంది. మంగళగిరిలో మగ్గాలున్న వీధిలో కాసేపు నిలబడినవారికి ఇది వింత కాదు. ఏ మగ్గం లయ దానిదే. నాలుగు చప్పుళ్ళు ఒక క్షణం కలుస్తాయి, వెంటనే విడిపోతాయి. ఎవరూ వాటిని కలపలేదు. అయితే నేతగాడి చెయ్యి అలుస్తుంది, పోగు తెగితే మగ్గం ఆగుతుంది. టేపుకు ఆ బాధ లేదు. ఈ సంగీతంలో నాకు కనిపించే లోటు అదే.

'డిస్క్రీట్ మ్యూజిక్' రెండో వైపు ఇంకా సూటిగా అప్పు తెచ్చుకుంది. జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ ప్రసిద్ధ రచన 'కానన్'ను ముక్కలు చేసి వాద్యబృందానికి ఇచ్చాడు. ఒక భాగంలో ప్రతి వాద్యమూ క్రమంగా మందగిస్తుంది. ఎంత మందగించాలో ఆ వాద్యం స్థాయిని బట్టి ఉంటుంది. మూలం కళ్ళముందే కరుగుతుంది. ఆలోచన గొప్పదే, కానీ మొదటి వైపుకున్న ప్రశాంతత దీనికి లేదు. తెలిసిన పాట ఎక్కడ చెదిరిందా అని చెవి వెతుకుతూనే ఉంటుంది.

ఇద్దరి నుంచీ ఈనో తీసుకున్నది ఒకే రకమైనది కాదు. రైలీ నుంచి పద్ధతిని, పాకెల్‌బెల్ నుంచి సరుకును తీసుకున్నాడు. నేడు 'ధ్యాన సంగీతం' పేరుతో వస్తున్న చాలా రికార్డులు ఈ రెండూ తీసుకోవు. తంబురా మోత, వేణువు, నీటి చప్పుడు అనే పైపూత మాత్రం తీసుకుంటాయి. వాటిని అనుకరణలు అనడానికి నేను సందేహించను.

అభ్యాసం: మొదటి వైపును ఒకసారి శ్రద్ధగా, మరోసారి ఏదో పని చేసుకుంటూ వినండి. రెండుసార్లూ ఏ నిమిషంలో మీ ధ్యాస దాని మీదికి మళ్ళిందో రాసి పెట్టుకోండి.